ప్రైవేటు స్థలంలో ఆపిన బండికి తాళం వేసే అధికారం ఎవరిది?

సంపాదకులకు నమస్కారములు.

బెంగళూరులో పార్కింగ్ గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు ఎక్కువగా రోడ్డు మీద నిలిపిన బండ్ల చుట్టూనే తిరుగుతాయి. ఫుట్‌పాత్ ఎక్కిన కార్లు, నో పార్కింగ్ చలానాలు, 2022 ఫిబ్రవరిలో ఆపేసిన టోయింగ్‌ను, అంటే తప్పుగా నిలిపిన బండ్లను లాక్కెళ్ళే పద్ధతిని, తిరిగి తేవాలా వద్దా అన్న వాదన, ఇవన్నీ అవసరమైన వార్తలే. అయితే కోటికి పైగా వాహనాలు నమోదైన ఈ నగరంలో మనం బండి ఆపే చోటు రోడ్డు ఒక్కటే కాదు. ఆసుపత్రి సెల్లారు, వాణిజ్య సముదాయం బేస్‌మెంటు, కల్యాణ మంటపం ఆవరణ, చుట్టాల అపార్ట్‌మెంటు, తాడు కట్టి డబ్బు తీసుకునే ఖాళీ సైటు, ఇవన్నీ ఎవరో ఒకరి సొంత స్థలాలు. అక్కడ బండి ఆపినవారికి ఏ హక్కులున్నాయి, స్థలం యజమానికి ఏ హక్కులున్నాయి, గేటు దగ్గరి కాపలా మనిషి ఎంతవరకు వెళ్ళవచ్చు అన్నది మనలో చాలామందికి తెలియదు. ఆ తెలియనితనానికి మూల్యం చెల్లిస్తున్నది ముఖ్యంగా నిలబడి వాదించలేనివారు: రోగిని వెంటబెట్టుకుని వచ్చినవారు, వృద్ధులు, ఊరికి కొత్తవారు, గంట పోతే ఆ పూట సంపాదన పోయే టాక్సీ డ్రైవర్లు. నాకు ఎదురైన అనుభవాన్ని, దాని తరువాత చట్టాలు తిరగేసి తెలుసుకున్న సంగతులను, ఈ నగరంలో రావాలని నేను కోరుతున్న ఒక నిబంధనను మీ పాఠకుల ముందు ఉంచడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత కార్తికమాసంలో ఒక శనివారం ఉదయం నా భార్యకు మోకాళ్ళ స్కానింగ్ చేయించడానికి మారతహళ్ళి వైపు ఉన్న ఒక నాలుగంతస్తుల భవనానికి వెళ్ళాము. కింద దుకాణాలు, పైన రెండంతస్తుల్లో పరీక్షా కేంద్రం, ఆ పైన ఏవో ఆఫీసులు ఉన్నాయి. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు చేయి ఊపి బేస్‌మెంటులోకి దారి చూపించాడు. అక్కడ ఖాళీగా ఉన్న చోట కారు ఆపి, ఆమెను మెల్లగా లిఫ్టు వరకు నడిపించి పైకి తీసుకువెళ్ళాను. యాభై నిమిషాల తరువాత దిగి వచ్చేసరికి కారు ముందు చక్రానికి పసుపుపచ్చని ఇనుప తాళం వేసి ఉంది. ఆ స్థలం పైనున్న ఒక ఆఫీసుకు కేటాయించినదని, వెయ్యి రూపాయల ఫైన్ కడితేనే తాళం తీస్తామని అక్కడున్న మరో మనిషి చెప్పాడు. ఆ మాట ఎక్కడ రాసి ఉందని అడిగితే ఒక స్తంభానికి వెనుకవైపు అతికించిన కాగితం చూపించాడు. ముప్పయ్యొక్క సంవత్సరాలుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను కాబట్టి కన్నడం చదవడం నాకు కష్టం కాదు, ఆ లిపి మన లిపికి ఎంత దగ్గరో తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు కూడా. భాషతో నాకు పేచీ లేదు. కారు దిగి, స్తంభాన్ని చుట్టి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుంటే తప్ప కనబడని చోట ఆ కాగితం పెట్టడంతోనే నా పేచీ. నా భార్య కాలు మీద బరువు మోపలేక గోడ పట్టుకుని నిలబడింది. ఆ బేస్‌మెంటులో కూర్చోవడానికి ఒక స్టూలు కూడా లేదు. పోలీసులను పిలుస్తానని నేనంటే, పిలుచుకోండి, వాళ్ళు వచ్చేవరకు మీరే ఇక్కడ ఉంటారు అన్నాడు. ఆమె ముఖం చూసి వెయ్యి రూపాయలు ఇచ్చేశాను. రసీదు అడిగితే మొదట లేదన్నాడు. మళ్ళీ గట్టిగా అడిగితే జేబులోని చిన్న పుస్తకం నుంచి ఒక చీటీ చింపి ఇచ్చాడు. దాని మీద ఏ సంస్థ పేరూ లేదు, చిరునామా లేదు. నా బండి నంబరు, తేదీ, మొత్తం, 'పార్కింగ్ ఫైన్' అన్న రెండు మాటలు మాత్రం ఉన్నాయి.

డిగ్రీ విద్యార్థులకు ఎన్నో ఏళ్ళు వాణిజ్య చట్టం బోధించినవాణ్ణి కనుక ఆ 'ఫైన్' అన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. జరిమానా వేయడం ప్రభుత్వం చేసే పని, లేదా చట్టం పేరు పెట్టి అధికారం ఇచ్చిన అధికారి చేసే పని. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను ఈ విషయంలో ఏ సందేహానికీ తావివ్వదు. బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని గానీ, పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన బండిని గానీ లాక్కెళ్ళడానికైనా, చక్రానికి తాళం వేసి కదలకుండా చేయడానికైనా అనుమతి ఇవ్వగలిగింది ఆ ప్రాంతం మీద అధికార పరిధి గల, యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి. బహిరంగ స్థలమంటే ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న చోటు అని అదే చట్టం 2వ సెక్షను నిర్వచించింది. సొంత స్థలంలో కాపలా మనిషి ఇతరుల బండికి తాళం వేసి డబ్బు వసూలు చేయవచ్చునని ఆ సెక్షను చెప్పడం లేదు. నో పార్కింగ్ చలానా కూడా అదే చట్టం 177వ సెక్షను కింద పడుతుంది, 2019 సవరణ తరువాత అది మొదటిసారి 500 రూపాయల వరకు, ఆ తరువాత 1,500 రూపాయల వరకు ఉంటుంది. నడిరోడ్డు మీద తప్పుగా ఆపినవారికి మొదటిసారి ప్రభుత్వం వేయగలిగిన జరిమానాకు రెట్టింపు మొత్తాన్ని, గార్డు చూపించిన దారిలో వెళ్ళి నేలమాళిగలో కారు ఆపిన నా దగ్గర ఒక ప్రైవేటు మనిషి వసూలు చేశాడన్న మాట.

స్థలం యజమాని వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. నువ్వు మా స్థలంలోకి వచ్చావు, మా షరతులు ఒప్పుకున్నట్టే, ఇది ఒప్పందం అంటారు. ఆ వాదన పూర్తిగా తీసిపారేయదగినది కాదు. సొంత స్థలంలో బండి ఆపనివ్వాలా వద్దా, ఆపనిస్తే ఎంతసేపు, ఎంత రుసుముకు అన్నది చట్టానికి, నగర పాలక సంస్థ నియమాలకు లోబడి యజమాని నిర్ణయించుకోవచ్చు. కానీ ఒప్పందం కావాలంటే షరతు ముందుగా తెలియాలి. లోపలికి రాకముందు, వెనక్కి తిరిగిపోయే వీలు ఉండగా కనబడిన బోర్డు షరతు అవుతుంది గానీ, తాళం వేశాక చూపించిన కాగితం షరతు ఎలా అవుతుంది? అదీ గాక, ఒప్పందం ఉల్లంఘనకు ముందే ఒక మొత్తం రాసి పెట్టుకున్నప్పటికీ, 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 74వ సెక్షను ప్రకారం నష్టపోయిన పక్షానికి దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారం మాత్రమే. రాసిన అంకె గరిష్ఠ పరిమితి అవుతుందే తప్ప అంతా ఇచ్చి తీరవలసిన బాకీ కాదు. మాల్‌లో టోకెన్ పోగొట్టుకుంటే 500 రూపాయలు కట్టాలని రాసి ఉండే బోర్డుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. టోకెన్ పోయినప్పుడు బండి ఎవరిదో తేల్చుకోవడానికి ఆర్.సి., లైసెన్సు చూడాలి, పుస్తకంలో రాసుకోవాలి, అందుకు అయ్యే శ్రమకు న్యాయమైన మొత్తం తీసుకుంటే ఎవరూ కాదనరు. అంతకు మించి తీసుకునేది పరిహారం కాదని నేను నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి, ఇప్పుడూ అదే చెబుతాను.

ఇక బాకీ ఉందని అనుకున్నా, బండిని అట్టిపెట్టుకునే హక్కు వేరే సంగతి. వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పనిచేసిన మెకానిక్ వంటివారు తమ ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చని ఒప్పందాల చట్టం 170వ సెక్షను చెబుతుంది. బ్యాంకర్లు మొదలైన కొద్ది వృత్తులవారికి 171వ సెక్షను ఇంకొంచెం విశాలమైన హక్కు ఇచ్చి, మిగిలిన ఎవరికీ స్పష్టమైన ఒప్పందం ఉంటే తప్ప అలాంటి హక్కు లేదని తేల్చింది. నేలమీద కొంత జాగా చూపించి ఊరుకున్న మనిషి నా కారు మీద ఏ శ్రమా పెట్టలేదు, కారు తాళం చెవి కూడా నా జేబులోనే ఉంది. యజమానికి నిజంగా నష్టం జరిగితే నోటీసు ఇవ్వవచ్చు, దావా వేయవచ్చు. అది నిదానంగా సాగే మార్గమే, కాదనను. అయినా ఎదుటివాడి అవసరాన్ని చూసి అక్కడికక్కడే ధర నిర్ణయించే మార్గం కంటే అది మేలు. ఇచ్చిన అనుమతిని రద్దు చేసినప్పుడు సైతం తన వస్తువులు తీసుకుని వెళ్ళిపోవడానికి తగిన వ్యవధి ఇవ్వాలని ఇతరుల స్థలాన్ని వాడుకునే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 63వ సెక్షనులో ఉంది. గార్డు పైకి వచ్చి ఒక్క మాట చెబితే నేను ఐదు నిమిషాల్లో కారు తీసేవాణ్ణి.

ఇంత రాస్తున్న నేను ఒక విషయం దాచకూడదు. 2019లో మా అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిగా ఉండగా ఎస్.పి. రోడ్డు నుంచి ఇలాంటి రెండు తాళాలు కొని తెప్పించినవారిలో నేనూ ఉన్నాను. మాకు ఇబ్బంది ఉన్న మాట నిజం. వారాంతం వచ్చిందంటే ఎదురుగా ఉన్న హోటలుకు వచ్చినవాళ్ళు మా గేటులోకి వచ్చి కార్లు ఆపేవారు, రాత్రి పనినుంచి తిరిగి వచ్చిన ఇంటివాళ్ళు తమ సొంత చోటు లేక వీధిలో ఆపుకునేవారు. ఆ కోపంలో సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, బయటి బండి కనబడితే తాళం వేసి 500 రూపాయలు తీసుకోవాలని నిర్ణయించాము. రెండు నెలల తరువాత ఒక రాత్రి వాచ్‌మన్ ఒక టాక్సీకి తాళం వేశాడు. ఆ డ్రైవరు మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దాయనను డయాలసిస్ చేయించి తీసుకువచ్చి, ఒంటరిగా నడవలేకపోతున్నాడని ఇంటి తలుపు వరకు పట్టుకుని వెళ్ళాడు. దిగి వచ్చేసరికి చక్రానికి తాళం. నన్ను పిలిస్తే కిందికి వెళ్ళాను. "మాది మదనపల్లె సార్, బండి నాది కాదు, రోజుకు ఇంత అని ఓనరుకు కట్టాలి, ఇప్పటికే ఒక ట్రిప్పు క్యాన్సిల్ అయింది" అని తెలుగులో చెప్పాడు. తీర్మానం తీర్మానమే అన్న మరో సభ్యుడితో వాదన పడి తాళం తీయించేసరికి నలభై నిమిషాలు గడిచాయి, అతని రెండో ట్రిప్పు కూడా పోయింది. మర్నాడే నేను ఆ పద్ధతి ఆపాలని సంఘానికి రాశాను. కాని ఆ రాత్రి అతను పోగొట్టుకున్న డబ్బు మేము ఇవ్వలేదు. మారతహళ్ళి బేస్‌మెంటులో నా భార్య గోడ పట్టుకుని నిలబడినప్పుడు నాకు ఆ మదనపల్లె డ్రైవరే గుర్తుకు వచ్చాడు.

ఆ తరువాత మా దగ్గర చేసిన ఏర్పాటు చాలా సాధారణమైనది. గేటు బయట, కారులో కూర్చున్నవారికి కనబడేటంత పెద్ద అక్షరాలతో కన్నడంలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టాము. లోపలికి వచ్చే ప్రతి బయటి బండి నంబరు, ఏ ఫ్లాటుకు వచ్చింది, డ్రైవరు ఫోన్ నంబరు వాచ్‌మన్ రాసుకుంటాడు. అడ్డం అనిపిస్తే ఫోన్ చేస్తాడు. హోటలు యజమానితో మాట్లాడితే ఆయన వారాంతాల్లో ఒక మనిషిని పెట్టి కార్లను వెనుక ఖాళీ సైటుకు పంపే ఏర్పాటు చేశారు. ఆ రెండు తాళాలూ మీటర్ల గదిలో పడి ఉన్నాయి. ఇబ్బంది పూర్తిగా తీరిందని అనను, కాని గేటు దగ్గర తగాదాలు తగ్గాయి.

అపార్ట్‌మెంట్ల మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. స్టిల్ట్ పార్కింగును, అంటే స్తంభాల మీద లేపిన భవనం అడుగున వదిలిన చోటును, గ్యారేజీ పేరుతో విడిగా అమ్ముకునే హక్కు నిర్మాతకు లేదని 2010 ఆగస్టులో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు మహారాష్ట్ర చట్టం సందర్భంలో తీర్పు చెప్పింది. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఆరుబయటి పార్కింగును ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంటు యాజమాన్య చట్టం కూడా పార్కింగ్ ప్రాంతాలను ఉమ్మడి వసతులుగానే చూస్తోంది. సంఘం కార్యవర్గం ఆ స్థలానికి నిర్వాహకులే గాని సొంతదారులు కారు. అద్దెకు ఉండేవారికి, వారి అతిథులకు వేరే కొలత పెట్టే సంఘాలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

హోటళ్ళలో, పెళ్ళి మంటపాల్లో మరో రకం ఇబ్బంది ఉంది. అక్కడ మనం తాళం చెవిని వ్యాలే, అంటే మన బదులు బండి తీసుకెళ్ళి ఆపే మనిషి చేతికి ఇస్తాము, అతను ఇచ్చే చీటీ వెనుక 'వాహనానికి యజమానిదే బాధ్యత' అని రాసి ఉంటుంది. చాలామంది ఆ ఒక్క వాక్యంతో తమకు ఏ హక్కూ లేదని అనుకుని ఊరుకుంటారు. 1998లో ఢిల్లీలో తాజ్ మహల్ హోటల్‌కు వచ్చిన ఒక అతిథి మారుతి జెన్ కారు వ్యాలేకు అప్పగించాక దొంగతనానికి గురైంది. ఆ వివాదం 21 ఏళ్ళు నడిచి, 2019 నవంబరు 14న సుప్రీంకోర్టులో ముగిసింది. న్యాయమూర్తులు మోహన్ ఎం. శాంతనగౌడర్, అజయ్ రస్తోగీల ధర్మాసనం, తాళం చెవితో సహా కారును అప్పగించాక అది ఒప్పందాల చట్టంలో బెయిల్‌మెంట్ అంటారే, ఆ అప్పగింత కిందికి వస్తుందని, తీసుకున్నవారు తమ సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని, కారు పోతే తమ నిర్లక్ష్యం లేదని రుజువు చేయవలసిన భారం హోటలు మీదే ఉంటుందని, చీటీ మీద 'యజమానిదే బాధ్యత' అని అచ్చువేసినంత మాత్రాన తమ మనుషుల నిర్లక్ష్యానికి జవాబుదారీ తప్పదని చెప్పింది. శాంతనగౌడర్ గారు కర్ణాటకకు చెందినవారు, ఇక్కడి హైకోర్టులో పనిచేసినవారు. ఆ తీర్పు ఇచ్చిన రక్షణ ఈ నగరపు పెళ్ళి మంటపాల్లో ఇంకా అడుగుపెట్టలేదన్నది నా బాధ. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. తాళం చెవి మన చేతిలోనే పెట్టుకుని మనమే బండి ఆపుకుంటే అది అప్పగింతగా కాక స్థలం వాడుకునే అనుమతిగా లెక్కకు వచ్చే అవకాశమే ఎక్కువ, అప్పుడు స్థలం యజమాని బాధ్యత అంత బలంగా ఉండదు. కనుక చెవి ఇచ్చేటప్పుడు బండి నంబరు, సమయం రాసిన టోకెన్ తీసుకోవడం, వీలైతే బండి నాలుగు వైపులా ఫోన్‌తో ఫోటో తీసుకోవడం మంచిది.

రుసుముల విషయంలో మన తెలుగు రాష్ట్రాలు ఒక దారి చూపించాయి. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన జి.ఓ. 63 ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పార్కింగ్ అందరికీ ఉచితం. అరగంట నుంచి గంట వరకు ఏదైనా కొన్న బిల్లు చూపితే ఉచితం. గంట దాటితే పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ మొత్తానికి బిల్లు గానీ, సినిమా టికెట్టు గానీ చూపితే ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఏప్రిల్ 1 నుంచి ఇదే తరహా నియమాలు వచ్చాయి. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు తెలంగాణ ఉత్తర్వు ప్రతిని ఫోన్‌లో పెట్టుకుని ఉంటాడు, అవసరమైనప్పుడు చూపిస్తాడు. బెంగళూరులో మనకు కావలసింది అదే, గేటు దగ్గర చూపించడానికి ఒక కాగితం. భవన నిర్మాణానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఇన్ని చదరపు మీటర్లకు ఇన్ని కార్లకు చోటు వదలాలని నియమం పెట్టి, ఆ పార్కింగ్ విస్తీర్ణాన్ని ఎఫ్.ఏ.ఆర్. లెక్కలో, అంటే స్థలాన్ని బట్టి ఎంత విస్తీర్ణం కట్టవచ్చో తేల్చే లెక్కలో, కలపకుండా మినహాయింపు ఇస్తున్నారు. వచ్చేపోయేవారి కోసం వదలమని చెప్పి మినహాయింపు ఇచ్చిన చోటు మీద యజమానికి అపరిమితమైన స్వేచ్ఛ ఉందనడం ఎలా కుదురుతుంది? గుజరాత్ హైకోర్టు ధర్మాసనం 2019లో మాల్స్ పార్కింగ్ రుసుము వసూలు చేయరాదని చెప్పింది కూడా. నేను అంత దూరం వెళ్ళను. దీపాలు, కెమెరాలు, మనుషులు పెట్టి నడిపేవారు సమంజసమైన రుసుము తీసుకోవచ్చు, అది గేటు బయటే రాసి ఉండాలి, రసీదు ఇవ్వాలి, అంతే.

ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈ సంగతి విని అక్కడి చట్టం గురించి చెప్పింది. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రైవేటు స్థలంలో చట్టబద్ధమైన అధికారం లేకుండా చక్రానికి తాళం వేయడం 2012 అక్టోబరు 1 నుంచి నేరం. స్కాట్లండులో ఇరవై ఏళ్ళ ముందే, 1992లో, కోర్టు తీర్పుతో అది ఆగిపోయింది. అలాగని అక్కడ స్థలం యజమానులు నిస్సహాయులైపోలేదు. బండి నంబరు ఆధారంగా వివరాలు తెలుసుకుని ఇంటికి నోటీసు పంపుతారు, ఒప్పుకోనివారు స్వతంత్ర అప్పీలు సంస్థకు వెళ్ళవచ్చు. చెల్మ్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో రెండు గంటల ఉచిత పార్కింగు స్థలంలో 56 నిమిషాలు ఎక్కువగా ఉన్న ఒకాయనకు 85 పౌండ్లు వేస్తే, ఆ దేశపు సుప్రీంకోర్టు 2015లో అది సరైనదేనని తీర్పు చెప్పింది. అందుకు ఒక ముఖ్యమైన కారణం, ఆ స్థలం ప్రవేశంలోనూ లోపలా దాదాపు 20 పెద్ద బోర్డులు స్పష్టంగా చదవగలిగేలా పెట్టి ఉండడం. తీర్పు వాహనదారుడికి వ్యతిరేకంగా వచ్చినా నాకు అందులో న్యాయం కనబడింది. షరతు ముందే తెలిసింది, బండి అతని దగ్గరే ఉంది, వాదన కోర్టులో జరిగింది. నేను కోరేది ఈ మూడూ ఇక్కడ ఉండాలని.

ఖాళీ సైట్ల సంగతి త్వరగా చెబుతాను. కార్తికమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె అనే వేరుశనగల జాతర జరిగేటప్పుడు గానీ, పెళ్ళి ముహూర్తాల రోజుల్లో గానీ ఎవరో తాడు కట్టి కారుకు వంద, రెండు వందలు తీసుకుంటారు. స్థలం సొంతదో, సొంతదారు అనుమతి ఉందో అడగడం మన హక్కు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద నగర పాలక సంస్థ గుత్తేదారు కాని మనిషి డబ్బు అడిగితే ఇవ్వనవసరం లేదు.

వాహనదారుల బాధ్యత గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ఇతరుల గేటుకు అడ్డంగా బండి ఆపి రెండు నిమిషాలే కదా అని వెళ్ళిపోవడం వల్ల అంబులెన్సు లోపలికి రాలేని ఇల్లు మా వీధిలోనే ఉంది. ఎవరో వదిలేసిన సైటు అనుకుని నెలల తరబడి పాత కారును అక్కడ పెట్టి ఉంచేవారున్నారు. ఆసుపత్రిలో పనిలేకపోయినా అక్కడి సెల్లారులో బండి పెట్టి మెట్రో ఎక్కి ఆఫీసుకు పోయేవారున్నారు, వారి వల్ల రోగిని తెచ్చినవారికి చోటు దొరకదు. ఇలాంటి బండి ఎదురైన యజమాని కోపం న్యాయమైనదే. ఆయన 112కు ఫోన్ చేయవచ్చు, ట్రాఫిక్ పోలీసులకు ఫోటోతో ఫిర్యాదు చేయవచ్చు, మాటిమాటికీ చేసేవారి మీద కోర్టుకు వెళ్ళవచ్చు. టైర్లలో గాలి తీయడం, అద్దం పగలగొట్టడం మాత్రం చేయకూడదు, ఇతరుల వస్తువు విలువనో ఉపయోగాన్నో కావాలని తగ్గించడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను కింద నేరమవుతుంది. మన వైపు నుంచి చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కారు ముందు అద్దం లోపల ఒక ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టి, ఆ ఫోన్ మోగితే వెంటనే ఎత్తడం. సగం తగాదాలు అక్కడే తీరతాయని మా గేటు దగ్గర ఆరేళ్ళుగా చూస్తున్నాను.

తాళం వేసిన బండి ముందు నిలబడినవారు అప్పటికప్పుడు ఏం చేయాలని నన్ను కొందరు మిత్రులు అడిగారు. మొదట బోర్డు ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలిసేలా గేటు నుంచి ఫోటోలు తీయాలి. గార్డు ఏ సంస్థ మనిషో అడగాలి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, గార్డుకు ఫోటో గుర్తింపు కార్డు ఇచ్చి ఉండాలి. ఆ గార్డు మీద కేకలు వేయవద్దు, అతను నెల జీతానికి పై వాళ్ళ మాట విని పనిచేసే మనిషి, అతని చేతిలో ఏమీ ఉండదు. భవనం మేనేజరును పిలవమని అడగాలి. కదలకపోతే 112కు ఫోన్ చేయాలి. నాలాగా డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే నగదు కాకుండా యూపీఐ ద్వారా కట్టి, అభ్యంతరంతో కడుతున్నానని అక్కడే వారికి ఒక సందేశం పంపి ఉంచుకోవాలి. అప్పుడు ఆ డబ్బు ఎవరి ఖాతాకు వెళ్ళిందో నిలిచి ఉంటుంది. నేను నగదు ఇచ్చి ఆ ఆధారాన్ని పోగొట్టుకున్నాను.

2025 సెప్టెంబరు నుంచి ఈ నగరం గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగర పాలక సంస్థలుగా నడుస్తోంది. కొత్త సంస్థలు కొత్త నియమాలు రాసుకునే సమయం ఇది. ఐదింటికీ ఒకే ఉత్తర్వుగా ఈ మాటలు చేర్చాలని నా విన్నపం. ప్రజలు వచ్చిపోయే ప్రతి భవనం గేటు బయట, బండిలో కూర్చున్నవారికి కనబడేలా, రుసుము, వ్యవధి, ఎవరికి కేటాయించిన చోటు ఏది, ఫిర్యాదు చేయవలసిన ఫోన్ నంబరు రాసి ఉండాలి. తీసుకున్న ప్రతి రూపాయికీ సంస్థ పేరున్న రసీదు ఇవ్వాలి. రోగులను, నడవలేనివారిని దించి వెళ్ళేవారికి రుసుము లేని కొంత వ్యవధి ఉండాలి. పోలీసు అధికారి అనుమతి లేకుండా ప్రైవేటు స్థలంలో ఏ బండికీ తాళం వేయకూడదని, వేస్తే ఆ భవనం వాణిజ్య లైసెన్సు మీద చర్య ఉంటుందని స్పష్టంగా చెప్పాలి. ఈ ఉత్తరం ప్రతిని మా ప్రాంతపు నగర పాలక సంస్థ కమిషనరుకు కూడా పంపుతున్నాను.

నా వెయ్యి రూపాయల విషయంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు సిద్ధం చేశాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవారు తాము నివసించే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్ళ గడువు ఉంది, ఐదు లక్షల రూపాయల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. దానికి ముందుగా ఆ భవనం నిర్వాహకులకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపాను, రసీదు చీటీ నకలు, స్తంభం వెనుక కాగితం ఫోటో జతచేశాను. వారికి ఇచ్చిన పదిహేను రోజుల గడువు వచ్చే శుక్రవారంతో ముగుస్తుంది. ఇలాంటి చీటీలు దగ్గర ఉన్న పాఠకులు వాటిని పారేయకుండా ఉంచుకుని, మీ పత్రిక కార్యాలయం ద్వారా నాకు తెలియజేస్తే, అవకాశం ఉన్నంతవరకు ఫిర్యాదు రాయడంలో సాయం చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
రామమూర్తినగర్, బెంగళూరు.